నలభై ఇళ్ల బియ్యం, ఒక్క గంజు

మా బాపు పోయిన తర్వాత బాన్సువాడ చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో చాలామంది మాట్లాడారు. తమ తల్లికి సమాధి తవ్వింది ఆయనేనని ఒకరు చెప్పారు. కాలువ గట్టు తెగిన ఏడాది ఇసుక బస్తా భుజానేసుకుని నడుం లోతు నీళ్లలో నిలబడ్డ సంగతి ఇంకొకరు చెప్పారు. వర్ని వైపు స్థిరపడ్డ ఒక కోస్తా రైతు వచ్చాడు. హిందువు, చర్చి లోపలికి రావడం అదే మొదటిసారట. చెప్పులు గుమ్మం బయట విడిచి, మైకు దగ్గరికి వచ్చి, "మా చివరి మడికి నీళ్లందించిన మనిషండీ" అని వెళ్లి కూర్చున్నాడు. వెనక బల్ల మీద కూర్చుని వింటున్న నాకు ఒక సంగతి తట్టింది. అందరూ బాపు ఏం చేశాడో చెబుతున్నారు. ఏం అన్నాడో ఒక్కరూ చెప్పడం లేదు. చెప్పడానికి ఏమైనా ఉంటే కదా. ఏడాదికి మా బాపు మాట్లాడిన మాటలన్నీ పోగేస్తే నా ఒక్క ఉపన్యాసంలో సగం కావు.

చివరికి పాస్టరయ్యగారు నా వైపు చూశారు. మైకు ఇవ్వాలా వద్దా అని ఆయన తటపటాయించడం అందరికీ కనిపించింది. ఆయన భయంలో న్యాయం ఉంది. దేవుడు లేడని రాస్తూ, మాట్లాడుతూ, బాబాలతోనూ స్వస్థత నూనెలు అమ్మే బోధకులతోనూ పోట్లాడుతూ జుట్టు నెరిసిన మనిషిని నేను. "రెండు మాటలు చాలమ్మా" అన్నారు. రెండే మాట్లాడి దిగాను. మూడోది, అసలుది, అక్కడ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

బాపు, అంటే మా నాన్న, పేరు ఆశీర్వాదం. నిజాంసాగర్ కాలువ మీద లష్కరు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చూసుకునే కొలువు అది. నీళ్లు తక్కువైన రోజుల్లో రైతులు అటు గట్టు మీద కొందరు, ఇటు గట్టు మీద కొందరు నిలబడి ఒకరి తాతముత్తాతల్ని ఒకరు తిట్టుకునేవారు. బాపు మధ్యలో తూము చక్రం పట్టుకుని, వాళ్లు అలిసిపోయేదాకా ఆగేవాడు. అలిశాక చక్రాన్ని రెండు చుట్లో మూడు చుట్లో తిప్పి, సైకిలెక్కి ఇంటికొచ్చేవాడు. ఆ చుట్ల మీద మళ్లీ ఎవరూ పేచీ పెట్టినట్టు నేను వినలేదు. ఇంట్లోనూ అంతే. మా అవ్వ, అంటే అమ్మ, మా వైపు అమ్మను అవ్వ అనే పిలుస్తాం, ఇద్దరి వాటా మాటలూ తనే మాట్లాడేది. "మీ ఆయన ఏమన్నడే?" అని ఎవరైనా అడిగితే, "తలకాయ ఊపిండు, గది ఔనో కాదో రేపు జెప్తా" అనేది.

అవ్వ తెల్లారకముందే నాట్లకో కలుపుకో వెళ్లిపోయేది కాబట్టి మా ముగ్గురు అక్కచెల్లెళ్లకు జడలు వేసే పని బాపుదే. తూము చక్రాలు తిప్పిన చేతులు జడ వేస్తే ఎలా ఉంటుందో మా ముగ్గురికే తెలుసు. కనుబొమలు చెవుల దాకా లాక్కుపోయేవి. "ఏందే, మీ ఇంట్ల ముగ్గురికి పొద్దుగాల్నే ఆశ్చర్యమైతదా?" అని బడిలో టీచరమ్మ అడిగేది. సాయంత్రం దాకా ఒక్క వెంట్రుక చెదిరేది కాదు. ఆయన వేళ్లకు ఒండ్రుమట్టి వాసన, తూముకు పూసే గ్రీజు వాసన ఎప్పుడూ ఉండేవి. ఆ రెంటి మీద కొబ్బరినూనె. నాకు ఇప్పటికీ ఆ మూడు వాసనలు కలిస్తేనే పొద్దు పొడిచినట్టు ఉంటుంది. శనివారం సాయంత్రం ఇత్తడి చెంబులో నిప్పులు పోసి తన ఒక్క తెల్ల చొక్కానూ, మా గౌన్లనూ ఇస్త్రీ చేసేవాడు. ఆ తర్వాత వాకిట్లో కూర్చుని, వేలు పెట్టి వరస వరస జరుపుతూ బైబిలు చదువుకునేవాడు. పెదవులు కూడా కదిలేవి కావు. దేవుడితోనూ ఎక్కువ మాట్లాడేవాడు కాదనుకుంటాను.

మా చర్చిలో గుప్పెడు బియ్యం అనే పద్ధతి ఉంది. పూటపూటకూ అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు ఇంటి ఆడమనిషి అందులోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బా చర్చికి తెచ్చి ఒంపుతుంది. తెలుగునాట చాలా చర్చిల్లో ఇది ఉంది, చాలాచోట్ల ఆ బియ్యం పాస్టరు గారి వంటింటికి పోతాయి. మా దగ్గర మాత్రం నాకు ఊహ తెలిసేనాటికే దవాఖానకు పోయేవి. సర్కారు దవాఖానలో పడ్డ మనిషికి ఏదో ఒకటి పెడతారు. ఆ మనిషి వెంట వచ్చినవాళ్లకు ఎవరు పెడతారు? కోటగిరి నుంచి కాన్పుకు వచ్చిన పిల్ల వెంట తల్లి, మద్నూర్ దగ్గర లారీ గుద్దిన మనిషి వెంట తెలుగు రాని భార్య, చెట్ల కింద కూర్చుని రోజులు గడిపేవారు. వాళ్ల కోసం బాపు రోజూ పొద్దున కాలువ నుంచి రాగానే చర్చి వెనక మూడు రాళ్ల మీద పెద్ద గంజు ఎక్కించేవాడు. అన్నం, పప్పుచారు. తర్వాత సైకిల్ వెనక కట్టుకుని దవాఖాన గేటుకు పోయేవాడు. వెనకటి పాస్టరు గారొకాయన, వడ్డించే ముందు నాలుగు మాటలు వాక్యం చెబితే బాగుంటుందని సలహా ఇచ్చారట. "ఆకలి మీద వాక్యం చెవికెక్కదయ్యగారు" అని బాపు గంజు మూత తీశాడట. ఈ సంగతి కూడా అవ్వ చెబితేనే తెలిసింది.

నలభై ఇళ్ల బియ్యమంటే తమాషా కాదు. కూలికి వచ్చిన దొడ్డు బియ్యం, వర్ని ఆసాముల ఇళ్ల నుంచి తెచ్చిన సన్న బియ్యం, రేషన్ షాపు కంట్రోల్ బియ్యం, పాతవి, కొత్తవి, నూకలు. అన్నీ ఒక్కసారే ఎసట్లో పోస్తే నూక కరిగి గంజి అయ్యేసరికి దొడ్డు గింజ ఇంకా పంటి కింద రాయిలాగే ఉంటుంది. అందుకని బాపు ఆదివారం చర్చి గుమ్మంలో నాలుగు గంపలు పెట్టేవాడు. డబ్బాతో వచ్చిన ఆడమనిషి మూత తీస్తే, ఒకసారి చూసి, ఇందులో అని వేలు చూపేవాడు. వండేటప్పుడు పాత దొడ్డు బియ్యం ముందు, ఒక ఉడుకు వచ్చాక కంట్రోల్ బియ్యం, ఆ తర్వాత సన్నవి, దించబోయే ముందు నూకలు. అన్నం దించాక ఏ గింజ ఏ ఇంటిదో దేవుడికి కూడా తెలియదు, అంటే నా లెక్కలో ఎవరికీ తెలియదు.

నేను డిగ్రీకి నిజామాబాద్ పోయాను. అక్కడ మా లెక్చరర్ ఒకాయన శనివారాలు తన ఇంటి వరండాలో చర్చలు పెట్టేవాడు. కులం, దేవుడు, పెళ్లి, ఆస్తి, ఏదీ వదిలేవాళ్లం కాదు. ఆయన నియమం ఒకటే. ఎదుటివాడి వాదాన్ని వాడికంటే బాగా చెప్పగలిగాకే నీ వాదం మొదలుపెట్టాలి. ఆ నియమాన్ని నేను నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను. మొదటి వ్యాసంలోనే తప్పాను.

ఆ వ్యాసం గుప్పెడు బియ్యం మీదే. దవాఖానలో ఆకలిగొన్నవాళ్లకు తిండి పెట్టడం సర్కారు బాధ్యత. రోజంతా నడుం వంచి నాట్లు వేసే ఆడవాళ్లు తమ పిల్లల కంచంలోంచి గుప్పెడు తీసి ఆ బాధ్యత మోయడం, పైగా దాన్ని పుణ్యమనుకోవడం అన్యాయం. మీ గుప్పెడు సర్కారును తప్పించుకోనిస్తోంది, ఆపండి. ఇదీ సారాంశం. సెలవులకు ఇంటికి వచ్చి బాపుకు చదివి వినిపించాను. ఆయన చాటలో బియ్యం పోసుకుని మెరిగలు ఏరుతూ విన్నాడు. నేను చదవడం అయిపోయాక, ఇంకో రెండు మెరిగలు ఏరి, "నిజమే బిడ్డా" అన్నాడు. కాసేపటికి, "సర్కారు పెట్టేదాంక?" అన్నాడు. అది ప్రశ్న అని నాకు తట్టలేదు. నిజమే అన్న మాట పట్టుకుని గెలిచానని ఎగిరాను. ఒక చిన్న పత్రిక దాన్ని అచ్చేసింది. పది ప్రతులు పంపితే ఊళ్లో పంచాను.

అందులో ఒకటి లాజర్ బావ చేతికి చిక్కింది. లాజర్ మాకు చుట్టమేమీ కాదు. ఆయన భార్య సారమ్మ మా అవ్వతో కలిసి నాట్లకు పోయేది, ఆమెను సారక్కా అనేదాన్ని కాబట్టి ఆయన బావ అయ్యాడు. లాజర్ బావకు అక్షరం వచ్చు, గొంతు ఉంది. చాయ్ హోటల్లో బల్ల మీద ఒక కాలు పెట్టి నా వ్యాసం మొత్తం చదివాడట. "చూసిండ్రా, మన ఆశీర్వాదం బిడ్డనే రాసింది. మన ఇండ్లల్ల బియ్యం ఉట్టిగ పోతున్నయంట" అన్నాడట. ఆ ఆదివారం బాపు నాలుగు గంపలు పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. ఆడవాళ్లు చాలామంది ఖాళీ చేతులతో, తల పక్కకు తిప్పుకుని లోపలికి పోయారు. రెండు గంపలు నిండలేదు. మూడోది అడుగు కనిపిస్తూనే ఉంది.

అవ్వ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, ఆమె భాషకు అచ్చు చాలదు. "సదివిచ్చినందుకు గంజు బోర్లిస్తివి గదనే" అన్నది ఒక్కటే రాయదగినది. ఆ వారం బాపు నీళ్లు ఎక్కువ పోసి అన్నాన్ని గంజి చేశాడు. పై వారం గంజి కూడా పలచనైంది. గేటు దగ్గర వరసలో చివర నిలబడ్డవాళ్లు ఖాళీ గిన్నెలతో తిరిగిపోయారని, అది చూసి బాపు గంజు కడగకుండానే అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడని ఎవరో వచ్చి చెప్పారు. నేను అప్పటికే కలెక్టరుకు దరఖాస్తు రాశాను. చాలా మంచి దరఖాస్తు. దానికి జవాబు ఈనాటికీ రాలేదు.

నా వాదం తప్పని నాకు అనిపించలేదు. అయినా ఆ మెట్టు మీద కూర్చున్న మనిషి కళ్లముందు నుంచి పోలేదు. మూడో వారం సారక్క ఇంటికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పీట వేయలేదు, కూర్చోమనీ అనలేదు.

"ఏం సారక్కా, డబ్బా తెస్తలేవట?"

"నువ్వే గద రాస్తివి, తేవద్దని."

"మీ మంచికే రాసిన అక్కా."

"అవ్ మల్ల. మా మంచి మాకంటే నీకే ఎక్కువ ఎర్క."

"నీ పిల్లల నోట్లకెల్లి తీసి ఇచ్చుడెందుకన్న. గంతే గద."

సారక్క చేతిలోని చింతపండు కింద పెట్టింది. "ఇగ విను. నాట్లేసిన కూలి ఆయన చేతికి పోతది. బియ్యం ఏవి తేవాల్నో ఆయన జెప్తడు. కూర ఏం వండాల్నో మా అత్త జెప్తది. చీర ఏది కట్టాల్నో గది గూడ ఆమెనే జెప్తది. పొద్దంతల ఎవ్వర్నడుగకుంట నేను చేసే పని గా గుప్పెడు ఒక్కటే. ఎవరికో తెల్వనోళ్లకు బువ్వ పెడుతున్న, సారమ్మ పెడుతున్నది అనుకుంటుంటి. మొన్నటికెల్లి ఆయన డబ్బా మీద చెయ్యి పెట్టి, నన్నడిగి తియ్యి అంటుండు. ఎందుకంటే, పుస్తకంల అచ్చైందంట. సదువుకున్న పిల్ల రాసిందంట."

నేను నిలబడే ఉన్నాను.

"నీ పుస్తకం మంచిదే పిల్లా," అంది సారక్క మళ్లీ చింతపండు అందుకుంటూ. "కని నన్నొక్కమాట అడిగి రాయకపోతివి."

నలభై ఇళ్లలో ఏ ఆడమనిషీ నా వ్యాసం చదివి డబ్బా ఆపలేదు. చాలామందికి చదువే రాదు. ఆపించింది మగవాళ్లు. ఆడవాళ్ల మీది బరువు దించుతున్నాననుకుని, వాళ్ల చేతిలో మిగిలిన ఒక్క గుప్పెడు మీద కూడా మొగుళ్లకు హక్కు రాసిచ్చాను. అదీ సొంత అక్షరాలతో, సంతకం పెట్టి.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం కూర్చుంది. గుప్పెడు బియ్యం పద్ధతి వల్ల ఇళ్లల్లో గొడవలవుతున్నాయి, తీసేద్దామని లాజర్ బావ మాట. నలుగురైదుగురు ఔనన్నారు. బాపు సంఘ పెద్ద, ముందు వరసలోనే ఉన్నాడు, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని నేల చూస్తున్నాడు. తీసేద్దామని తేలితే సోమవారం నుంచి పొయ్యి వెలగదు. నేను వెనక నుంచి లేచి, మాట్లాడతానన్నాను.

"దేవుడు లేడనే పిల్ల దేవుని ఇంట్ల మాట్లాడుడేంది?" అన్నాడు లాజర్ బావ.

అప్పటి పాస్టరయ్యగారు బాపు వైపు చూశారు. బాపు లేచాడు. నేను విన్నవాటిలో ఆయన మాట్లాడిన అతి పెద్ద మాట అదే. "నా బిడ్డ అని అడుగుతలేను అయ్యగారు. ఆమె మాటతోని పొయ్యి చల్లగైంది. ఆమె మాటతోనే రాజుకుంటదేమో, సూడనియ్యుండ్రి." అని కూర్చున్నాడు.

నిజామాబాద్ వరండాలో నేర్చుకున్న నియమాన్ని మొదటిసారి పాటించాను. ముందు సారక్క మాటల్ని ఆమె పేరు చెప్పకుండా చెప్పాను. తర్వాత నా మాట. "దేవుని సంగతి నాకు తెల్వదు. ఉన్నడని నేను నమ్మను, మీ ముందట అబద్ధమాడను. కని గా బియ్యం ఎవరివో నాకెర్కే. నాటేసింది ఎవరు, కోసింది ఎవరు, చెరిగింది ఎవరు, వండుతున్నది ఎవరు? గా చేతికి ఒక్క గుప్పెడు తీసే అధికారం లేదా? సర్కారు పెట్టాలె, నేను ఇడువను, అడుగుతనే ఉంట. గది నా పని. గుప్పెడు మాత్రం ఆడోళ్ల పని. మొగోళ్లు అడుగొద్దు. లాజర్ బావా, నువ్వు కల్లుకు పోయేముందట సారక్కనడిగి పోతున్నవా?"

చర్చిలో ఆడవాళ్ల వైపు చాపల మీద ముందు ఒక కిసుక్కు, తర్వాత పెద్ద నవ్వు. అయ్యగారు దగ్గు వచ్చినట్టు బైబిలు అడ్డం పెట్టుకున్నారు. లాజర్ బావ కూడా చివరికి నవ్వాడు, కానీ ఓడిపోయే మనిషి కాదు. "సరే మరదలా. బియ్యం ఆడోళ్లయే. కని పొయ్యి చల్లార్పినోళ్లే వారం రోజులు వండాలె" అన్నాడు. అదే తీర్మానమైంది. మా సంఘంలో నాస్తికురాలికి అప్పగించిన మొదటి సేవ అదే.

ఆ సాయంత్రమే ఆడవాళ్లు డబ్బాలు తెచ్చి గంపల్లో ఒంపారు. సోమవారం పొద్దున బాపు నాకు గంటె ఇచ్చి, కాలువకు నీళ్లు వదిలే రోజని వెళ్లిపోయాడు. ఏ గంప ముందో చెప్పలేదు, నేను అడగలేదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్న పనే కదా అన్న ధీమా. నాలుగు గంపల్లోంచీ ఆ పూటకు సరిపడా బియ్యం తీసి, కడిగి ఒక్కసారే ఎసట్లో పోశాను. ఫలితం, కొంత గంజి, కొంత అన్నం, కొంత గులకరాళ్లు. గేటు దగ్గర ఒక కోటగిరి ముసలాయన రెండు ముద్దలు నమిలి, "బిడ్డా, ఆశీర్వాదన్నకు పానం బాగలేదా?" అని చాలా మర్యాదగా అడిగాడు. వడ్డించడానికి వచ్చిన సారక్క కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది. సాయంత్రం బాపు ఇంటికొచ్చి, మిగిలిన అన్నం కంచంలో పెట్టించుకుని, చివరి మెతుకు దాకా తిన్నాడు. తర్వాత గంపల దగ్గరికి తీసుకుపోయి, ఒక్కొక్క దాంట్లోంచి నాలుగు గింజలు తీసి నా అరచేతిలో పెట్టి, వేలితో వరస చూపించాడు. ఇది, ఇది, ఇది, తర్వాత ఇది. మర్నాటి నుంచి అన్నం అన్నంలా ఉడికింది.

తప్పు దిద్దుకుంటూ రెండో వ్యాసం రాశాను. ఆ పత్రిక దాన్ని వేయలేదు. మొదటిదానిలో ఉన్న వేడి ఇందులో లేదని ఉత్తరం రాశారు. నా మిత్రుల్లో కొందరు, చర్చిలో మాట్లాడావట, లొంగిపోయావా అన్నారు. లొంగలేదు. ఈ రోజుకీ దేవుడున్నాడంటే ఒప్పుకోను, దవాఖానకు వచ్చే ప్రతి మనిషికీ తిండి పెట్టే బాధ్యత సర్కారుదేనంటాను. మొన్న నెలలో కూడా రాశాను. మారిందల్లా, ఎవరినైనా ఉద్ధరించే వ్యాసం రాసే ముందు వాళ్ల వాకిట్లోకి వెళ్లి నిలబడి వస్తున్నాను. బాపు దాన్ని సేవ అనేవాడేమో. నేను పరిశోధన అంటాను.

ఆదరణ కూడిక మర్నాడు దవాఖాన గేటు దగ్గరికి వెళ్లాను. చాలా మారింది. పొయ్యి పోయి గ్యాసు వచ్చింది, సైకిలు పోయి ఆటో వచ్చింది. రేషన్లో అందరికీ సన్న బియ్యమే వస్తున్నాయి కాబట్టి నాలుగు గంపల అవసరం తీరిపోయింది. ఇప్పుడు ఎవరైనా వండగలరు. బాపు విద్యకు పని లేకుండా పోయిందని కాస్త బాధ అనిపించింది. కానీ ఊళ్లో అందరి ఇళ్లల్లోనూ ఒకే రకం బియ్యం ఉడకడం కంటే మంచి వార్త ఏముంది. ఆఫీసుల్లో పనిచేసే ఆడపిల్లలు బియ్యం బదులు ఆదివారం పప్పు పొట్లాలు, నూనె తెస్తున్నారు. ఎవరినీ అడిగి తేవడం లేదు. చర్చిలో మైకులు మాత్రం ఎక్కువయ్యాయి, మా వాదాలకూ ఫోన్లు వచ్చాక అరుపులు ఎక్కువయ్యాయి. రెండు వైపులా బాపు లాంటి వాళ్లు తగ్గారు. సారక్క ముసలిదైంది, పీట మీద కూర్చుని కోడళ్లను అదిలిస్తోంది. నన్ను చూసి, "ఇగో అచ్చేసే పిల్ల వచ్చింది, గంటె ఇయ్యుండ్రి" అంది.

వరసలో మద్నూర్ అవతల నుంచి వచ్చిన ఒక మరాఠీ ముసలామె ఉంది. కొడుకు లోపల ఉన్నాడట, నాలుగో రోజట. అన్నం పెట్టి చారు పోస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "దేవ్ తుమ్చం భలం కరో, బాయి" అంది. దేవుడు నీకు మేలు చేయాలి అని. సారక్క పీట మీంచి నన్నే చూస్తోంది, కోడళ్లు కూడా ఆగి చూస్తున్నారు. ఆ మాటకు నా దగ్గర ఎన్నేళ్లుగానో సిద్ధంగా ఉన్న జవాబు ఉంది, చాలా సభల్లో చెప్పిందే.

"ఇంకింత పెట్టనా?" అని అడిగాను.

ఆమె విస్తరి ముందుకు జరిపింది.